రెండో వాలు

చచ్చిపోయిన అక్క కత్తిని గంగాధర్ మార్చేశాడు. ఇందులో చిన్నపుల్లయ్యకు అనుమానమేమీ లేదు.

తిరుపాలమ్మ సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. ఆమె తమ్ముడు గంగాధర్ ఆ ఇంట్లోనే డ్రైవరు. ఒక వేసవిలో స్వీడన్ వెళ్లొచ్చిన ఇంటావిడ, వీళ్లు మామా అని పిలిచేది, ఇద్దరికీ చెరొక కత్తి తెచ్చింది. తనది కమ్మరి చేత్తో కొట్టింది, తమ్ముడిది ఫ్యాక్టరీది అని తిరుపాలమ్మ ఆ రోజే, కువైట్‌లోనే ఇంకోచోట పనిచేసే మొగుడు చిన్నపుల్లయ్యకు ఫోన్లో చెప్పుకొని మురిసింది. ఆమె పోయాక సామాన్లు సర్ది తెచ్చింది గంగాధరే. అందులో వచ్చింది మాత్రం ఫ్యాక్టరీ కత్తి.

శుక్రవారం చిన్నపుల్లయ్య బామ్మర్దిని ఫింటాస్‌లో లాల్ బాషా దుకాణానికి పిలిపించాడు, ఇద్దరి కత్తులూ బల్ల మీద పెట్టించాడు. బాషాది రాయచోటి. ఎడారిలో గుడారాలేసుకునే వాళ్లకు కత్తులు అమ్ముతాడు, నూరిపెడతాడు.

బాషా రెండిటినీ వెలుగులో తిప్పి చూశాడు.

"గంగాధర్‌ది చేత్తో చేసిందే అన్నా. సుత్తి దెబ్బలు కనపడతాండాయి. ఇనుము తోకను పిడిలోంచి బయటికి తెచ్చి వెనక సాగ్గొట్టినారు. రెండు పక్కలూ ఒక్కతీరుగా లేవు. నీది మిషన్ కోత. అట్లని తీసెయ్యొద్దు, ఉక్కు మంచిదే."

"ఇన్నావా రా, దొంగ నాయాలా!"

గంగాధర్ నేల చూశాడు.

"ఆగన్నా." బాషా ఫ్యాక్టరీ కత్తి అంచును గోటి మీద నడిపాడు. "ఆ దేశం కత్తికి పక్క నుంచి అంచు దాకా ఒకటే వాలు. దాన్ని రాయికి పూర్తిగా ఆనించి నూరాల. దీన్ని ఎవరో మన మచ్చుకత్తి నూరినట్టు వీపు పైకి లేపి నూరినారు. అంచున రెండో వాలు పడింది. శానా ఏండ్ల నూరుడు ఇది. చేత్తో చేసిందానికి రాయే తగల్లేదు."

ఊళ్లో బట్టలుతికే బండ దగ్గర కూర్చొని, నాలుక పంటి కింద పెట్టుకొని, తిరుపాలమ్మ మచ్చుకత్తిని అట్లాగే నూరేది. అది చిన్నపుల్లయ్య ఎన్నోసార్లు చూసిందే.

"మర్నాడే అక్కే మార్చేసింది బావా," అన్నాడు గంగాధర్. "నీ కండ్లు దీని మీదనే ఉండాయి, ఉంచుకోరా అనె. మీ బావకు చెప్పొద్దు, నన్ను బతకనీడు అనె."

బాషా ఫ్యాక్టరీ కత్తిని రాయి దగ్గరికి తీసుకున్నాడు.

"ఆ రెండో వాలు అరగదీసిస్తా అన్నా. కత్తి కొత్తదైతాది," అన్నాడు బాషా.

"ముట్టుకోవద్దు."

చిన్నపుల్లయ్య ఆ కత్తిని చేతిరుమాలులో చుట్టుకున్నాడు. గంగాధర్ రెండోది కూడా ముందుకు జరిపాడు.

"ఇదీ నువ్వే తీసుకో బావా."

"నీకిచ్చింది గదా. పెట్టుకో."

దొంగ అన్న మాటను వెనక్కి తీసుకోలేదు. తలుపు దగ్గర ఆగాడు కానీ వెనక్కి తిరగలేదు.

"ఈ కత్తుల మాట మీరిద్దరూ నా ముందర ఇంగెప్పుడూ ఎత్తొద్దండి. నేనూ ఎత్తను. ఖలాస్."