ప్రస్తుతం కువైట్‌లో

మూడో బాత్రూం కడగడం సగంలో ఉండగానే పుష్పలత బ్రష్షు పక్కన పడేసి చేతులు తుడుచుకుంది. శుక్రవారం సెలవని పేరే గాని, ఇంటి యజమానురాలు మామా ఇచ్చింది రెండంటే రెండు గంటలు. అందులో రానూపోనూ బస్సుకే గంట సరి! నెలకు నూట ఇరవై దీనార్లకు ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఇదే పని. చదివింది మాత్రం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ.

కడప దగ్గర వాళ్ల మాలవాడ నుంచి యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఆ విభాగంలో పాసైన మొదటి దళిత విద్యార్థిని కూడా. ఇద్దరేసి చేయాల్సిన ప్రయోగాలకు ఆమె పక్కన నిలబడడానికి ఎవరూ వచ్చేవారు కాదు. రెండేళ్లూ ఒక్కతే చేసుకుంది. తర్వాత ఎనిమిదేళ్లపాటు ప్రైవేటు కాలేజీలు ఇవాళ రమ్మన్నాయి, రేపు పొమ్మన్నాయి. చదువు అన్నం పెడుతుందని ఊదరగొట్టినవాళ్లంతా ఏమైపోయారో!

మంగఫ్‌లో ఒక హోటలు మేడమీద యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సమావేశం. సంఘం కార్యదర్శి వరప్రసాద్ షుఐబాలో ఇంజనీరు. తన కంపెనీ ల్యాబులో అసిస్టెంటు ఉద్యోగం ఖాళీగా ఉందనీ, ఉత్తరం ఇప్పిస్తాననీ మాటిచ్చాడు. ఆ ఉత్తరం తెస్తే ఇఖామా, అంటే నివాస అనుమతి, మార్పుకు సంతకం పెడతానని ఆమె వీసాకు పూచీ ఉన్న ఇంటి యజమాని, కఫీల్ కూడా ఒప్పుకున్నాడు.

వరప్రసాద్ ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చాడు. సంఘం వేస్తున్న ప్రత్యేక సంచికలో ఆమె గురించిన పేజీ అది. పోయినవారం ఆమె ఇచ్చిన పట్టా గౌను ఫొటో దానికే క్లిప్పు పెట్టి ఉంది. ఆఖరి వరుసలో ఇలా ఉంది: ‘ప్రస్తుతం కువైట్‌లో ల్యాబ్ కెమిస్ట్.’

“సార్, నేను ఇంట్లో పని చేస్తాండా గదా?”

“ఎలాగూ ల్యాబుకే వస్తావు కదమ్మా. కాస్త ముందుగా రాశాం, అంతే.”

“ముందుగా ఎందుకు సార్?”

వరప్రసాద్ గొంతు తగ్గించాడు. “మన యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి పనిమనిషిగా ఉందంటే ఏం బావుంటుంది చెప్పు? పరువుండాలి కదా.”

పుష్పలతకు ఒళ్లు మండింది. “పరువు పోవాల్సింది నాకు గాదు సార్. ఎనిమిదేండ్లు తిప్పించుకున్నోళ్లకు పోవాల. ఈ పుస్తకం మా వాడ పిల్లోళ్లూ సూస్తారు. సదివితే సాలు, అంతా బాగైపోతాదనుకుంటారు. నాకేం జరిగిందో వాళ్లకు తెలియొద్దా?”

“అయితే ఈ పేజీ వేయలేనమ్మా. ఉత్తరం సంగతి కూడా... నువ్వే ఆలోచించుకో.”

‘సరే సార్’ అంటే చాలు, ఈ బాత్రూముల పీడ వదులుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మింగేసింది. బల్లమీది పెన్ను తీసుకుని ‘ల్యాబ్ కెమిస్ట్’ కొట్టేసి, ‘ఇంటి పనిమనిషి’ అని రాసింది.

“ఏసుకుంటే ఇట్లే ఏసుకోండి సార్. లేకుంటే నా ఫొటో నాకిచ్చేయండి.”

అవతల భోజనాలకు పిలుస్తున్నారు. వరప్రసాద్ కాగితం అందుకున్నాడు గాని, ఫొటో తీసి ఇవ్వలేదు. పుష్పలత చాచిన చేయి వెనక్కి తీసుకోలేదు.