షుహ్రత్ పేరు మీద చట్టం

షుహ్రత్ ఫోటోను తలుపంత అట్ట మీద అచ్చు వేయించి గోడకు ఆనించారు. కింద పెద్ద అక్షరాల్లో "షుహ్రత్ స్వేచ్ఛా చట్టం". వాషింగ్టన్‌లో ఇలాంటి బిల్లుకు ముందు కావలసింది ఒక బాధితుడి పేరు, వీలైతే ఫోటోలో కాస్త దిగులు. పత్రికలో రాసినందుకు తన దేశపు జైల్లో నాలుగేళ్లుగా మగ్గుతున్న షుహ్రత్ దగ్గర రెండూ పుష్కలంగా ఉన్నాయి.

సెనేటర్ ఆఫీసులో ఆ బిల్లు రాసింది మార్లా. ఒహాయోలో లారీ డ్రైవర్ కూతురు, ఇంట్లో మొదటి పట్టా ఆమెదే. నాలుగో సెక్షన్ ఆమె ప్రాణం. ఖైదీలను వదిలేదాకా ఆ దేశానికి ఆయుధాలు అమ్మకూడదు. రెండేళ్లు దాని మీదే కూర్చుంది.

ఆ రోజు పొద్దున వచ్చి చూసేసరికి చివర్లో తొమ్మిదో సెక్షన్ మొలిచింది. దేశ ప్రయోజనం కోసం అవసరమనుకుంటే అధ్యక్షుడు నాలుగో సెక్షన్‌ను పక్కన పెట్టవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు.

"ఇదేంటి గావిన్?" అంది, సెనేటర్ ఆఫీసును నడిపే అతని గదిలోకి దూసుకెళ్లి.

"మినహాయింపు. ఎప్పుడూ ఉండేదేగా. లేకపోతే కమిటీ దాటదు."

"ఉంటే ఇక ఇందులో ఏం మిగిలినట్టు?"

"పేరుంది, ఫోటో ఉంది, తొంభై ఓట్లున్నాయి. ఇంకేం కావాలి తల్లీ నీకు? పన్నెండింటికి విలేకరులొస్తారు. షుహ్రత్ భార్యను కూర్చోబెట్టి కాఫీ ఇవ్వు. ఏడిస్తే ఆపకు."

నిగోరా అప్పటికే వచ్చి భర్త ఫోటో ముందు నిలబడి ఉంది. మార్లా ఆమెకు కాఫీ ఇవ్వలేదు, తొమ్మిదో సెక్షన్ కాగితం ఇచ్చింది.

నిగోరా రెండుసార్లు చదివింది.

"అయితే తుపాకులు వెళ్తాయి."

"వెళ్తాయండి."

"మా ఆయన రాడు."

నిగోరా కాగితం తిరిగి ఇచ్చేసింది.

"మా చట్టాలూ ఇంతేనమ్మా. ముందు పేజీలో హక్కులు, వెనక పేజీలో అవసరమైతే రద్దు. ఆయన రాసింది ఆ సంగతే. అందుకే లోపలేశారు. ఇక ఇది ఆయన పేరు మీదే వస్తుందా? పేరు తీసేయండి."

గావిన్ పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, ఏంటమ్మా ఇది! లోకమంతా ఆయన్ని తలుచుకుంటుంది."

"తలుచుకోడానికి నేనున్నాను. మీరు తుపాకులు ఆపండి చాలు."

ఆమె అట్టను చంకన పెట్టుకుంది. లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీదుగా, మొగుడి ముఖం గోడకు గీసుకోకుండా, జాగ్రత్తగా దిగిపోయింది.

గావిన్ నిట్టూర్చాడు, అదీ అరనిమిషం. "ఖైదీల లిస్టులో తర్వాత ఎవడు? ఆ విద్యార్థేగా? కుర్రాడు, ఇంకా బాగా పండుతుంది. వాళ్లమ్మ బాల్టిమోర్‌లోనే ఉంది, ఫోన్ కొట్టు. చివరి పేజీ ఊసెత్తకు."

మార్లా అక్కడే, అతని ఎదుటే ఫోన్ చేసింది.

"అమ్మా, సెనేటర్ గారి ఆఫీసు నుంచి. మీ అబ్బాయి పేరు ఒక చట్టానికి పెడతామంటున్నారు. ఊఁ అనే ముందు చివరి పేజీలో ఒక్క పేరా వినండి."

గావిన్ ముఖం ఎర్రబడుతుండగా, ఆమె నెమ్మదిగా ఒక్కో మాటా విడమరిచి చదవసాగింది.