విత్తనాల డబ్బా మీద పడ్డ నింద

నేను ఒక రేకు డబ్బాని. జానెడు ఎత్తు, రెండు అరచేతుల మధ్య ఇమిడేంత గుండ్రం, ఎవరి గోళ్లకూ ఓ పట్టాన లొంగని మూత. పెద్ద పెద్ద రేకు పలకల్ని కత్తిరించి, వంచి, అంచులు మడిచి కొట్టే యంత్రాల కింద పుట్టాను. ఒంటికి నీలం రంగు పూసి, దాని మీద ఎర్ర గులాబీలు అచ్చు వేసి, లోపల బిస్కెట్లు నింపి నన్ను లోకంలోకి పంపారు. ఆ బిస్కెట్లు వారం తిరగకుండానే అయిపోయాయి. మనుషుల ఇళ్లలో బిస్కెట్ డబ్బా అసలు బతుకు బిస్కెట్లు అయిపోయాకే మొదలవుతుంది.

కాజీపేట రైల్వే క్వార్టర్లలో కనకలక్ష్మి అనే ఇల్లాలు నాలో శొంఠి, మిరియాలు, కరక్కాయలు దాచింది. నా మూత గురించి ఆమెకు మహా గర్వం. "వానలు ఎంత పడనీ, దీంట్ల పెట్టినది మెత్తగ కాదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. కూతురు సునందకు పెళ్లయి హన్మకొండ వెళ్తుంటే, సామాన్ల మధ్య నన్నూ సర్దింది. అలా నేను రెండు వాటాల డాబా ఇంటికి చేరాను. ఒక వాటాలో సునంద, ఆమె భర్త సదానందం. రెండో వాటాలో సదానందం తమ్ముడు రవీందర్. కొన్నేళ్లకు అతనికి రజితతో పెళ్లయింది. ఇద్దరు యారాండ్రకీ, అంటే ఈ తోడికోడళ్లకీ, కలిపి పైన ఒకే మిద్దె.

ఆ మిద్దె మీద తోట మొదలవడానికి కారణం సునందకు జరిగిన పెద్ద ఆపరేషన్. ఇంటికొచ్చాక ఆమె మంచం దిగడానికే భయపడింది. కుట్లు విప్పినా భయం విడలేదు. అప్పుడు రజిత ఆమె చంక కింద చెయ్యి వేసి, మెట్టు మెట్టుకీ ఆగుతూ మీదికి తీసుకుపోయేది. "జర ఎండకు కూసో అక్కా, ప్రాణం తేరుకుంటది" అని కుర్చీ వేసేది. ఒట్టిగా కూర్చోలేక సునంద ఒక పగిలిన బకెట్లో ధనియాలు చల్లింది. కొత్తిమీర మొలిచింది. దాని తర్వాత మెంతి, టమాట, వంకాయ. కుండీలు పెరిగిన కొద్దీ ఆమె నడక బాగుపడింది. శొంఠీ మిరియాలూ నాలోంచి వంటింటి సీసాల్లోకి పోయి, విత్తనాల కవర్లు నాలోకి వచ్చాయి. మెట్ల పైన చిన్న గూట్లో నాకు చోటు దొరికింది. తిండి వస్తువుల్ని దాచిన నేను పుట్టబోయేవాటిని దాస్తున్నాను కదా అని కాస్త పొంగిపోయిన మాట నిజం.

రజిత కుట్టుపని చేసేది. చెయ్యి నేర్పరి. మిషన్ పెట్టుకోవడానికి మాత్రం పడకగదిలో ఓ మూల తప్ప చోటు లేదు. జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు వాకిట్లోనే నిలబడి కొలతలు ఇచ్చేవాళ్లు. మిద్దె మీద ఒక గది వేసుకుంటే బాగుంటుందని రవీందర్ అన్నతో అన్నాడు. సదానందం న్యాయంగా ఉండాలనుకునే మనిషి. అలాంటివాళ్లతో చిక్కేమిటంటే, ఇద్దరికీ సగం సగం ఇవ్వొచ్చన్న ఆలోచన వాళ్లకు చివరిదాకా రాదు.

దానికి ముందు చలికాలంలో సునంద బ్రోకలీ, బీట్‌రూట్ వేసి దెబ్బతింది. దుకాణంవాడు ఇచ్చిన బ్రోకలీ ఆలస్యంగా పువ్వు కట్టే రకం. చలి దేశాలకు సరిపోతుందేమో గానీ, హన్మకొండలో అది ఆకులేసుకుని తీరిగ్గా ఆలోచించుకునేలోపే ఎండలు వచ్చేశాయి. బీట్‌రూట్ పొడుగు రకం. లోతులేని కుండీలో దుంప అడుగుకు తగిలి వంకర్లు తిరిగింది. సదానందం ఆ ఆకుల అడవిని చూసి, "ఇగ ఓ మేకను తెచ్చుకోవాలె" అని నవ్వాడు. నవ్వుతూనే తీర్పు చెప్పాడు.

"ఇంకొక్క చలికాలం సూద్దాం సునందా. నాలుగు కూరలకు అక్కరకొస్తే తోట ఉంటది. లేకుంటె రజితకు గది ఏద్దాం. ఏమంటవ్ రజితా?"

"అక్క ఎట్లంటె అట్ల, బావా" అంది రజిత తల వంచుకుని.

బతుకమ్మ పండుగ వెళ్లిన మర్నాడు యారాండ్రిద్దరూ మిద్దె మీద చాప పరుచుకుని నన్ను మధ్యలో పెట్టుకున్నారు. ఈసారి సునంద దుకాణంవాడి మాట వినలేదు. తోటలు పెంచేవాళ్లను అడిగి, రెండు మూడు చోట్ల తిరిగి, రకాలు ఎంచి తెచ్చింది.

"గిది తొందరగ పువ్వు కట్టే బ్రోకలీ. పువ్వు చిన్నదే గని, అది కోసినంక పక్కల పిలకలు పుట్టి మళ్ల చిన్న చిన్న పువ్వులేస్తదట. మన ఎండకు గిదే ఆగుతది. గిది గుండ్రం బీట్‌రూట్. మట్టి మీదనే ఊరుతది, కుండీల లోతు లేకున్న ఫికర్ లేదు."

"మరి గివేంది?" రజిత నా అడుగున ఉన్న పాత కవర్లు తీసింది.

"అది పోయినేటి బ్రోకలీ, నన్ను ముంచినది. ఇది ఎర్రకాడల ఆకుబీటు. దుంప ఊరదు, తోటకూర లెక్క ఆకులే తింటరు. ఎవరో ఊకెనే ఇచ్చిండ్రు. పారేయబుద్ధి కాలే."

రజిత రెండు రకాల బ్రోకలీ గింజల్నీ అరచేతిలో పోసుకుని చూసింది. రెండూ ఆవాల్లాగే ఉన్నాయి. బీట్‌రూట్ గింజలూ, ఆకుబీటు గింజలూ ఒకే గరుకు, ఒకే ముడత.

"అన్ని ఒక్కతీర్గనే ఉన్నయ్ గదక్కా. ఎట్ల గుర్తువడ్తవ్?"

"గింజను సూస్తె ఎవ్వరు గుర్తువట్టలేరు. కవర్ మీద ఏమున్నదో అదే మనకు నమ్మకం" అని సునంద నవ్వి, కవర్ల మూతులు మడిచి, నా మూత బిగించింది.

తర్వాత రెండు మూడు రోజులకు సునంద ఎవరిదో పురుడు చూడటానికి పొరుగూరు వెళ్లింది. ఆ మధ్యాహ్నం రజిత ఒంటరిగా మీదికి వచ్చింది. ఆరేసిన బట్టల కోసం అనుకున్నాను. బట్టల వైపు చూడలేదు. నన్ను ఒళ్లో పెట్టుకుని మూత లాగింది. మంచి బ్రోకలీ గింజలు ఒక కాగితం మీదా, పాతవి ఇంకో కాగితం మీదా పోసింది. దాని కవర్లోకి ఇదీ, దీని కవర్లోకి అదీ. బీట్‌రూట్‌కీ ఆకుబీటుకీ అంతే. ఆమె వేళ్లు ఎంత నేర్పైనవో అప్పుడు చూశాను: విప్పిన మడత మీదే మళ్లీ మడత పడింది, ఒక్క గింజా కింద రాలలేదు.

మూత పెట్టాక ఆమె లేవలేదు. నన్ను అలాగే ఒళ్లో ఉంచుకుంది. మళ్లీ మూత తీసింది. కవరు మీద చెయ్యి వేసింది. తిరిగి మార్చేస్తుందనే అనుకున్నాను. ఆ క్షణంలో కింద వాకిట్లోంచి జాకెట్ కోసం వచ్చినావిడ ఎవరో అరిచింది: "ఓ రజితా, ఎంతసేపు ఎండల నిలవడాలె? ఇంట్ల కూసుందామంటె మీకు జాగ లేకపాయె!"

రజిత ముఖం కందిపోయింది. మూత బిగించి, నన్ను గూట్లోకి తోసి, గబగబా దిగిపోయింది.

నా పని దాచడం. లోపలికి వచ్చినదాన్ని చెమ్మ నుంచీ చీమ నుంచీ కాపాడటం. ఏది ఏ కవర్లో ఉందో చెప్పడానికి నోరు ఉండాలి. ఆ రోజు నా మూత గట్టిదనం మీద నాకే అసహ్యం వేసింది.

సునంద నారు పోసింది. మొలకలు ఎర్రటి కాడలతో లేస్తే, "సూసినవా, ఎంత మంచిగ లేచినయో!" అని మురిసింది. రజిత పక్కనే ఉండి నీళ్లు చల్లింది. నారు పీకి నాటేటప్పుడు మట్టి కలిపింది. పురుగులు ఏరింది. ఆ పనులన్నీ మనసు పెట్టే చేసింది. అదే నాకు అర్థం కాలేదు. గొయ్యి తవ్వినవాళ్లు పక్కన కూర్చుని దీపం వెలిగించినట్టుగా ఉండేది.

చలి ముదిరింది. సునంద పొద్దున్నే టీ గ్లాసుతో వచ్చి, బ్రోకలీ ఆకుల్ని విడదీసి, నడిబొడ్డున ఆకుపచ్చ మొగ్గ కనిపిస్తుందేమోనని వంగి చూసేది. "ఇంకా రాలేదా అక్కా?" అని రజిత కూడా వంగేది. ఆకులు విసనకర్రలంత అయ్యాయి. మొగ్గ మాత్రం రాలేదు. బీట్‌రూట్ ఆకులు మోకాలెత్తు లేచాయి. మట్టి గోకి చూస్తే దుంప జాడ లేదు.

చలి వెనక్కి తగ్గిన ఒక ఉదయం సదానందం మీదికి వచ్చాడు. తోటంతా కలయతిరిగాడు. ఈసారి మేక మాట ఎత్తలేదు. అందుకే సునందకు ఏడుపొచ్చింది.

"ఇంత ఎంచి తెచ్చిన. ఎట్లయ్యిందో సమజయితలేదు" అంది.

అప్పుడు రజిత నన్ను గూట్లోంచి తీసి, తలకిందులు చేసి, అడుగున మరకను చూపించింది. అది బయటి తుప్పు. గూటి సిమెంటు చెమ్మకు పట్టింది. లోపల చుక్క కూడా లేదు.

"డబ్బా పాతదైపాయె అక్కా. సెమ్మ సేరినట్టున్నది. గింజలు కరాబైనయేమో."

సునంద నన్ను చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో ఆ తుప్పును రుద్దింది. "అమ్మ నిన్ను ఎంత మెచ్చుకునేది. నిన్ను నమ్ముకుంటి గదనే" అంది నాతో. తర్వాత పాత చెప్పుల పక్కన, ఇనుప సామానువాడికి వెయ్యాల్సిన మూలకు నన్ను జరిపింది. చెయ్యని తప్పుకు మాట పడటం ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. నాకైతే అదే మొదటిసారి.

గదికి ఇటుకలు దిగే ముందు కుండీలు ఖాళీ చెయ్యాలి. యారాండ్రిద్దరూ చెట్లు పీకడం మొదలుపెట్టారు. సునంద ఒక బీట్‌రూట్ మొక్కను వేళ్లతో సహా లాగి, విసిరెయ్యబోయి ఆగింది. కాడను వేళ్లతో కొలిచింది. బొటనవేలంత వెడల్పు, బల్లపరుపుగా. అడుగున ఊరిన దుంప కాదు, చీలికలైన పీచు వేరు. ఇంకోటి పీకింది. అదీ అంతే. ఇంకోటి. మెల్లగా కుండీ అంచు మీద కూర్చుంది.

"రజితా."

"ఆఁ అక్కా."

"సెమ్మకు గింజ సచ్చిపోతది. జాతి మార్చుకుంటదా?"

రజిత చేతిలో బ్రోకలీ మొక్క ఉంది. దాన్ని కింద పెట్టడం మరిచిపోయింది.

"ఇది ఆకుబీటు. నేను నారు పోసిన కవర్ల ఇది లేదు. నీ చేతిల బ్రోకలీ గూడ పోయినేటిదే, ఆ ఆకు సూడు. ఈ డబ్బ నేను తీస్త, నువ్వు తీస్తవ్. మూడో మనిషి లేదు."

రజిత అబద్ధం ఆడలేదు. అదైనా చెప్పాలి. "మిషన్ పక్కన పండుకున్నప్పుడల్ల నాకు ఒక్కటే ఆలోచన అక్కా. వచ్చినోళ్లు వాకిట్ల నిలవడి మాటలంటుంటె సచ్చినట్లయితుండె. నాకూ ఒక జాగ గావాలె. అడిగితే ఇస్తుంటివా నువ్వు? ఈ తోట నీ ప్రాణం" అంది.

"అడిగినవా?"

రజిత చేతిలోని మొక్కను కింద పెట్టింది.

"ఒక్కసారన్న అడిగినవా నన్ను? సగం మిద్దె నీకిచ్చి, సగంల కుండీలు సర్దుకునేదాన్ని. ఎండకు కూసోవెట్టి నన్ను బతికిచ్చినవ్. నువ్వు నోరు తెరిచి అడిగితె కాదంటనా? నేను పొద్దుగాల్నే వంగి సూస్తుంటె, నువ్వు గూడ వంగి సూసినవ్ గదనే. అదెట్ల సూసినవ్?"

రజిత ఏడ్చింది. సునంద ఏడవలేదు. మిగతా మొక్కల్ని ఒక్కొక్కటే పీకి, మట్టి దులిపి, కుప్పగా పోసింది. సదానందం వచ్చి "అయ్యిందా?" అంటే, "అయ్యింది" అంది. ఆ సంగతి మొగుడికి గానీ, మరిదికి గానీ ఆమె ఎన్నడూ చెప్పలేదు. చెప్తే ఇల్లు రెండు ముక్కలవుతుందని కాబోలు. నింద నాదిగానే ఉండిపోయింది. ఆ ఇంట్లో మగవాళ్లిద్దరి దృష్టిలో నేను ఈనాటికీ చెమ్మ పట్టిన డబ్బానే.

చెప్పుల మూల నుంచి సునంద నన్ను తీసుకుంది. క్షమించమని అడుగుతుందేమో, మళ్లీ వంటింట్లో పెట్టుకుంటుందేమో అని ఆశపడ్డాను. నాలోని కవర్లన్నీ పక్కింటావిడకు ఇచ్చేసింది. ఖాళీ డబ్బాను రజిత చేతిలో పెట్టింది.

"దీనికేం కాలే. ఉంచుకో" అంది. అంతే. తల్లి ఇచ్చిన వస్తువునని ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. నన్ను చూస్తే ఆమెకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. తెలిసినా నొప్పి తగ్గలేదు.

గది లేచింది. రెండు కిటికీలు, మంచి వెలుతురు. గిరాకీ పెరిగింది. వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చుంటున్నారు. రజిత మిషన్ పక్కన బల్ల మీద నేనున్నాను, నిండా జాకెట్ హుక్కులతో. ఆమె నన్ను జాగ్రత్తగానే చూస్తుంది. తుప్పు పట్టిన చోట సాండ్‌పేపర్‌తో రుద్ది రంగు కూడా వేసింది.

సునంద మళ్లీ మిద్దె ఎక్కలేదు. కింద ఇద్దరూ మాట్లాడుకుంటారు. పాలు వచ్చాయా, నల్లా వచ్చిందా, అంతవరకే. మొన్న ఎవరిదో పెళ్లి ఉంటే సునంద కొత్త జాకెట్ గుడ్డ సంచిలో పెట్టుకుని బయల్దేరింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న చప్పుడు రజితకు వినిపించింది. మిషన్ ఆపింది. మెట్ల వైపు తిరిగి కూర్చుని, టేపు చేతిలోకి తీసుకుంది.

గేటు తెరుచుకుని, మూసుకుంది. సునంద బజారు దర్జీ దగ్గరికి వెళ్లిపోయింది.