బన్ను లేని సోమవారాలు

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఫోన్ మోగేదాకా నాకు ఊపిరాడదు. కుట్టు మిషన్ ముందు కూర్చుంటాను గానీ సూదిలో దారం ఎక్కదు. చేతిలో ఉన్న ప్యాంటు ఎవరిదో, పొట్టి చెయ్యమన్నారో వదులు చెయ్యమన్నారో గుర్తుండదు. ఆ రోజు మా ఆయన్ని కాటా ఎక్కిస్తారు.

మా ఆయన అద్దాలు తుడుస్తాడు. ఇంట్లో అద్దాలు కాదు లెండి, ఇంట్లో అద్దం మీద దుమ్ముంటే దాని మీద వేలితో పిల్లి బొమ్మ గీసి పోతాడు. పదహారంతస్తుల మేడలకి బయటినుంచి తాడు మీద వేలాడుతూ తుడుస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. మనిషికి రెండు తాళ్ళుంటాయి. ఒకదాని మీద కూర్చుని మెల్లగా దిగుతూ పని చేసుకుంటాడు. రెండోది పక్కన ఊరికే వేలాడుతుంది. ఆ రెండో తాడుకి పిడికిలంత ఇనప పరికరం ఒకటి తగిలించి, దాని పట్టీని నడుముకి కట్టుకుంటారు. వాళ్ళు దాన్ని కుక్క అంటారు, మేడ పైకి చేరేదాకా నడుము సంచీలో పెట్టుకుంటారు. మనిషి నెమ్మదిగా దిగుతున్నంతసేపూ అది వెంటే వస్తుంది. మనిషి ఒక్కసారిగా జారాడంటే తాడుని కరిచి పట్టుకుంటుంది.

పైకి ఎక్కేది ఆయనే అయినా ఆ కుక్క మీద ఆధారపడి బతుకుతున్నది నేను. ఆదివారం ఆయన వంటింటి బల్ల మీద సామానంతా పరిచి శుభ్రం చేసుకుంటుంటే, నేను పక్కన చేరి ఒక తాడు ముక్క దాంట్లో దూర్చి ఒక్క గుంజు గుంజుతాను. టక్ మని పట్టుకుంటుంది. ఆ చప్పుడు చెవిన పడితేగానీ నాకు నిద్ర పట్టదు.

ఆ కుక్కకీ ఒక హద్దుంది. ఒంటికి కట్టుకున్న సరంజామాతో కలిపి నూట పది కిలోలు. అంతకు మించితే ఆపుతుందన్న పూచీ లేదు. రెండు నెలల కింద మా ఆయన నూట పదమూడున్నర తూగాడు. "నెల రోజులు కింద ఉండి బకెట్లు అందించు, ఆలోపు తగ్గకపోతే నీ తాడు ఇంకొకరికి ఇచ్చేస్తాను" అన్నాడు మేస్త్రీ. ఆ రోజు ఇంటికొచ్చిన మొహం చూడాలి. పెళ్ళైన కొత్తలో మా నాన్న తిట్టినప్పుడు కూడా అంత చిన్నబోలేదు.

దీనికంతటికీ కారణం పని చేసే చోట ఎదురుగా ఉన్న దుకాణం. మధ్యాహ్నానికి రెండు చీజ్ బర్గర్లు, సాయంత్రం దిగాక "నీరసం" పేరుతో ఇంకొకటి. "ఏదైనా మానేస్తానే, అదొక్కటీ మాన్పించకు" అని బతిమాలాడు. సరే, మాన్పించను, ఇంట్లోనే చేస్తాను, అయితే నా పద్ధతిలో చేస్తాను అన్నాను. కొవ్వు తీసిన ఖీమా తెచ్చి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి, చెంచాడు నూనెలో పొడిపొడిగా వేయించేదాన్ని. పెద్ద గిన్నెలో లెట్యూస్ ఆకులు చించి, టమాటా, ఉల్లిపాయ, వెనిగర్‌లో ఊరిన దోసకాయ ముక్కలు వేసి, వాటి మీద వేడి ఖీమా, దాని మీద తురిమిన చీజ్. మయోనైజ్ బదులు గట్టి పెరుగులో కాస్త కెచప్, కాస్త మస్టర్డ్ కలిపి పైన జారవిడిచేదాన్ని. బర్గర్‌లో ఉండేవన్నీ ఉంటాయి, బన్ను ఉండదు.

మొదటిరోజు గిన్నెలోకి చూసి, "ఇదేం బర్గరే, పాపం బట్టలూడదీసి నిలబెట్టావు దాన్ని" అన్నాడు. కానీ తిన్నాడు. గిన్నె నాకినంత పని చేశాడు. ఆ రోజే ఇంట్లో బన్నులు నిషేధం. రొట్టె డబ్బా కడిగి, తుడిచి, పై అరలో పెట్టేశాను.

తూకం మూడు వారాలు కొంచెం కొంచెంగా తగ్గి తర్వాత మొండికేసింది. నాకు భయం పట్టుకుంది. భయం వేస్తే నాకు ఏడుపు రాదు, నోరు లేస్తుంది. "తగ్గకుండా తాడెక్కావో, నేనే వచ్చి మేస్త్రీ ముందు నిన్ను కిందకి లాగుతాను. పద్దెనిమిదేళ్ళ పనిమంతుడని కూడా చూడను" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయన తల వంచుకుని ఆకులు నమిలేవాడు.

నెల గడువు తీరిన సోమవారం ఫోన్ వచ్చింది. "నూట తొమ్మిది తొమ్మిదొందలు! ఎక్కమన్నాడు!" నేను చంకలు గుద్దుకున్నాను. ఆడపడుచుకి ఫోన్ చేసి, "చూశావా వదినా, మీ తమ్ముణ్ణి నా సలాడ్‌తో దారికి తెచ్చాను" అని అరగంట కోశాను. తర్వాతి రెండు సోమవారాలూ అంతే, పాస్. ఒక్కటే నాకు అంతుపట్టలేదు. ఆయన ప్యాంటు నడుము కొలిస్తే నెలరోజులుగా టేపు అంగుళం కూడా కదల్లేదు. ఇరవయ్యేళ్ళుగా నడుములు కొలుస్తున్న దాన్ని, టేపు మాట వినకుండా కాటా మాట విన్నాను. నాకు కావలసిన మాట అదే చెప్పింది మరి.

ఈ సోమవారం నూట తొమ్మిదిన్నర అన్నాడు. "సంతోషమేనా?" అని అడిగి ఫోన్ పెట్టేశాడు. పైకి ఎక్కేటప్పుడు ఫోన్లన్నీ మేస్త్రీ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, కింద పడితే ఎవరి నెత్తి పగులుతుందో అని.

నా ప్రాణం కుదుటపడింది. పాపం ఎన్నాళ్ళని కడుపు మాడుస్తాను, ఇవాళ ఒక చిన్న ముచ్చట తీరుద్దాం అనుకున్నాను. వీధి చివర కొట్లో ఒకే ఒక్క బన్ను కొన్నాను. సగం చిన్న ముక్కలుగా కోసి కరకరలాడేలా వేయించి సలాడ్ మీద చల్లి, మధ్యాహ్నానికి నేనే పట్టుకెళ్ళాలని ప్లాను. ఖీమా వేయించి, సలాడ్ కలిపి డబ్బాకి మూతపెట్టాను. పదకొండు కావస్తోంది. మిగిలిన సగం బన్ను పెట్టడానికి స్టూలెక్కి రొట్టె డబ్బా దింపాను. బరువుగా ఉంది.

మూత తీస్తే బన్నుల ప్యాకెట్టు! నాలుగుండాల్సిన చోట మూడున్నాయి. అరికాలి మంట నెత్తికెక్కింది. "ఓరి దొంగమొహమా! నా ఇంట్లో, నా డబ్బాలో!" అని గట్టిగానే అన్నాను, గోడలు వినాలని. సాయంత్రం రానీ చెప్తాను అనుకుంటూ ప్యాకెట్టు విసురుగా లాగాను. దాని కింద నా వంటింటి తువ్వాలు మడతపెట్టి ఉంది. తువ్వాలు విప్పాను.

కుక్క. పట్టీ, కొక్కేలు అన్నీ చక్కగా చుట్టిపెట్టి ఉన్నాయి.

ఒక నిమిషం నాకేమీ అర్థం కాలేదు. మర్చిపోయాడేమో అనుకున్నాను. మర్చిపోయేవాడు తువ్వాల్లో చుట్టి బన్నుల కింద ఎందుకు పెడతాడు? కూరగాయలు తూచే చిన్న కాటా మీద పెట్టాను. కిలోన్నర. నూట తొమ్మిదిన్నరకి కిలోన్నర కలిపితే నూట పదకొండు. అప్పుడు నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆయన తొమ్మిదింటికే ఎక్కి ఉంటాడు. అంటే రెండు గంటలుగా ఒక్క తాడు మీద ఉన్నాడు. పక్కన రెండో తాడు వేలాడుతుంటుంది, చూసేవాళ్ళకి అన్నీ సవ్యంగానే ఉంటాయి. దాన్ని పట్టుకునేది మాత్రం నా చేతిలో ఉంది. పైన అందరి కట్లూ సరిచూసేది మా ఆయనే, పెద్దవాడని. ఆయన కట్టు చూసే మనిషి లేడు.

ఫోన్ చేశాను. పెట్టెలో మోగుతూ ఉండి ఉంటుంది. మళ్ళీ చేశాను. మేస్త్రీ నంబరు నా దగ్గర లేదు. లాభం లేదని స్టవ్ కట్టేసి, కుక్కని గుండెలకి హత్తుకుని పరుగందుకున్నాను. మెడలో టేపు అలాగే ఉంది. అలవాటు కొద్దీ సలాడ్ డబ్బా కూడా సంచిలో వేసుకున్నానని దారిలో గానీ తెలియలేదు. పది నిమిషాల నడక. ఎర్రలైటు దగ్గర ఆగాను చూడండి, ఆ అర నిమిషంలో ఆయన ఎన్నిసార్లు పడిపోయాడో నా కళ్ళ ముందు. చెయ్యి జారి ఒకసారి, తాడు అంచుకి ఒరుసుకుని తెగి ఒకసారి.

మేడ కనపడగానే తలెత్తాను. ఉన్నాడు. పదకొండో అంతస్తు దగ్గర, నీలం చొక్కా. గొంతు చించుకుని పిలవబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అరిస్తే ఉలిక్కిపడతాడు. జీవితంలో మొదటిసారి నా నోటికి నేనే భయపడ్డాను.

మేస్త్రీ కింద ఎర్ర పట్టీ కట్టిన చోట కుర్చీలో కూర్చున్నాడు. దగ్గరికి వెళ్ళి కుక్కని ఆయన చేతిలో పెట్టాను.

"ఏంటి చెల్లెమ్మా, ఇది ఎవరిది?"

"మా ఆయనది. ఇంట్లో రొట్టె డబ్బాలో ఉంది."

మేస్త్రీ పైకి చూశాడు. "పొద్దున నా కళ్ళముందే నడుము సంచీ ఉబ్బెత్తుగా ఉంది కదమ్మా!" అన్నాడు. రేడియో తీశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. "అన్నా, నీకు దణ్ణం పెడతా, సంగతి చెప్పకు. చెప్తే చేతులు వణుకుతాయి. ఊరికే దిగమను. పైనుంచి ఎవర్నైనా పంపలేవా?"

"పంపి ఇది అందించే లోపు తనే దిగిపోతాడు. నువ్వు గట్టిగా ఊపిరి పీల్చుకో." గొంతు సర్దుకుని రేడియోలో అన్నాడు. "అన్నా, నీళ్ళు ఆగిపోయినై. ఇక దిగిరా."

"ఈ వరస అవనీ" అని మా ఆయన గొంతు, ఎంత తీరుబడిగానో. "సబ్బు ఆరిపోతే మరకలు పడతై."

"మరకలు తర్వాత చూద్దాం. మీ ఆవిడ అన్నం తెచ్చింది, నిలబడి ఉంది పాపం."

ఆయన వెనక్కి తిరిగి కిందకి చూశాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తి ఊపాడు. ఆ ఊపుకి మనిషి తాడు మీద అర చుట్టు తిరిగాడు. ఊపకుంటే అనుమానం వస్తుందని నేనూ చెయ్యి ఊపాను, నవ్వాను కూడా. ఆ నవ్వు ఎలా ఉందో దేవుడికే తెలియాలి.

దిగడం మొదలుపెట్టాడు. పది. తొమ్మిది. నేను అంతస్తులు లెక్కపెడుతున్నాను, మేస్త్రీ పెదాలు కూడా కదులుతున్నాయి. ఎనిమిది. ఏడు. ఐదో అంతస్తు దగ్గర ఆగిపోయాడు. ఏమైంది? ఏమీ కాలేదు, అద్దం మీద ఏదో గీత కనపడింది మహానుభావుడికి. రెండు కాళ్ళూ గోడకి తన్నిపెట్టి, పక్కకి వంగి, గుడ్డతో శ్రద్ధగా తుడుస్తున్నాడు. తుడిచి, తల వెనక్కి వాల్చి చూసుకుని, మళ్ళీ తుడిచాడు. మేస్త్రీ రేడియో పిండేస్తాడేమో అన్నట్టు పట్టుకున్నాడు. నేను టేపు కొస నోట్లో కుక్కుకుని కొరికాను.

నాలుగు. మూడు. రెండు. బూట్లు నేలకి ఆనాయి.

"ఏంటే, ఇంత పెందలాడే తెచ్చావు? ఖీమా వాసన ఐదో అంతస్తు దాకా వచ్చింది" అంటూ నవ్వుతూ తిరిగాడు. మేస్త్రీ చేతిలో ఉన్నది చూశాడు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

నేను వెళ్ళి ఆయన నడుము సంచీ జిప్పు లాగాను. లోపల నలిగిపోయిన బన్ను ఒకటి ఉంది.

"ఉబ్బెత్తుగా కనపడాలని" అన్నాడు నేల చూస్తూ. "తూకం సోమవారం ఒక్కరోజే కదా. మిగతా రోజులు పెట్టుకునే ఎక్కుతున్నా. ఒట్టు."

"ఎన్ని సోమవారాలు?"

"నాలుగు."

నాలుగు. వదినకి గొప్పలు చెప్పుకున్న సోమవారం కూడా అందులో ఉంది. నేనిక్కడ ఫోన్‌లో నవ్వుతుంటే ఈయన అక్కడ ఒక్క తాడు మీద ఉన్నాడు.

"ఎందుకయ్యా చెప్పలేదు?" నా గొంతు నాకే వినపడలేదు.

"ఏం చెప్పనే? నువ్వు అంత కష్టపడి చేసి, కాటా పిలుపు కోసం అలా కూర్చుని ఉంటే, తగ్గలేదని ఎట్టా చెప్పను? చెప్తే ఇంతెత్తున లేస్తావు. నువ్వే దింపేస్తానంటివి."

నా నోటికి జడిసి మనిషి కుక్కని ఇంట్లో వదిలేసి పోయాడు. అక్కడే చప్టా మీద కూలబడ్డాను. అప్పుడొచ్చింది ఏడుపు, పద్దెనిమిదేళ్ళది ఒక్కసారిగా.

మేస్త్రీ రేడియో జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "రేపట్నుంచి నువ్వు కిందే అన్నా. ఎన్నాళ్ళో నేను చెప్పలేను. తూకం చూసుకోవాల్సింది నేనే, సంచీ విప్పి చూడాల్సిందీ నేనే, నాదీ తప్పే" అని, కుక్కని నా పక్కన పెట్టి అవతలికి వెళ్ళిపోయాడు. మా ఆయన ఒకసారి తలెత్తి, సగం తుడిచిన పదకొండో అంతస్తు వైపు చూసి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఈ బన్ను సాయంత్రం ఏం చేసేవాడివి?" అని అడిగాను ముక్కు తుడుచుకుని.

"తినేసేవాణ్ణి" అన్నాడు.

డబ్బా మూత తీశాను. ఆకులు వాడిపోయాయి, పెరుగు ఒక పక్కకి కారింది. నలిగిన బన్ను దాని మీద పెట్టి ఆయన ఒళ్ళో పెట్టాను. "తిను. ఎంత లావైనా ఉండు. కింద ఉండు."

ఆయన సగం తుంచి నాకిచ్చాడు. నాకు మింగుడుపడదని తెలిసి కూడా తీసుకున్నాను. రెండో చేత్తో కుక్కని అందుకుని దాని కొక్కెం ఆయన నడుము కట్టు ఉంగరానికి తగిలించాను. తాడు కొస ఒకటి అక్కడే పడి ఉంటే దాంట్లో దూర్చి ఒక్క గుంజు గుంజాను. టక్ మని పట్టుకుంది.

"నేల మీద కూర్చున్నవాడికి కుక్క ఎందుకే?" అన్నాడు.

నేను తాడు కొస పిడికిట్లో చుట్టుకుని, ఆయన తినడం అయ్యేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.