సన్మానానికి ఊడదీసిన గడియ

నేను ఒక ఇత్తడి గడియను. తలుపుకి లోపలి వైపు ఉండేదాన్ని కాబట్టి దారిన పోయేవాళ్ళకు కనిపించను. వేసుకున్నవాళ్ళకే నేను తెలుసు.

ఇత్తడి పనికి పేరున్న బుడితిలో ఒక కంచరి నన్ను పోతపోశాడు. మొదట ఒక ప్లీడరు గారి గది తలుపుకి చేరాను. ఇంటికి చుట్టాలొస్తే ఆయన ‘జపంలో ఉన్నా’నని కబురు పెట్టి, నన్ను బిగించి, హాయిగా గుర్రుపెట్టేవారు. ఆ గుట్టు నేనెప్పుడూ బయటపెట్టలేదు. ఆ ఇల్లు పడగొట్టాక పాతసామాన్ల కొట్లో తుప్పు మేకుల మధ్య పడ్డాను.

అక్కడ నన్ను ఏరి తీసినవారు వైకుంఠరావు గారు. పట్నంలోని మున్సిపల్ స్కూళ్ళన్నిటికీ ఆయనే అధికారి. ఆయన వచ్చాక కుళాయిల్లో నీళ్ళొచ్చాయి, అయ్యవార్లు బడిగంటకు ముందే రావడం మొదలుపెట్టారు. ఏ బడికి వెళ్ళినా ఆయన హెడ్మాస్టరు గదిలో కూర్చోకుండా నేరుగా పెరట్లోకి నడిచేవారు.

కుమ్మరివీధి బడి పెరట్లో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపుంది, గడియ లేదు. రేకు గడియలు బిగిస్తే నెల తిరక్కుండా ఊడిపోయేవి. ఒక పిల్ల లోపలికెళ్తే ఇంకొక పిల్ల బయట తలుపు పట్టుకోవాలి. అందుకని పెద్దపిల్లలు పొద్దంతా నీళ్ళు తాగేవారు కారు. కొందరు చదువే మానేసేవారు. ఆరో తరగతి పైడితల్లిని కూడా వాళ్ళమ్మ మానిపించబోతున్న రోజుల్లో వైకుంఠరావు గారు నన్ను తెచ్చి అక్కడ బిగింపించారు. ఆ పిల్ల లోపలికొచ్చి నన్ను వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. ఒక్కతే నవ్వుకుంది. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి.

వైకుంఠరావు గారు రిటైరయ్యారు. మా బడిలో జరిగే వీడ్కోలు సభకు ఏం బహుమతి ఇవ్వాలా అని అయ్యవార్లు తర్జనభర్జన పడ్డారు. వెండిపూత సరస్వతి విగ్రహాలు ఆయనింట్లో ఈసరికి బోలెడుంటాయి. డ్రిల్లు మాస్టారు అప్పలనాయుడు హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగి చిటిక వేశాడు.

“ఆ గడియే ఇచ్చేద్దారి మేడమ్! సారు గుర్తంటే అదే కదా!”

అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను ఊడదీసి, చింతపండుతో తోమి, ముఖమల్ అతికించిన చెక్క మీద బిగించారు. అబద్ధమెందుకు, నాకూ గర్వంగానే ఉండింది.

సభలో దండలు, శాలువా, ఉపన్యాసాలు అయ్యాయి. నన్ను చేతికివ్వగానే వైకుంఠరావు గారు గుర్తుపట్టారు. ముఖం వాడిపోయింది.

“దీని బదులు అక్కడేం పెట్టారమ్మా?”

హెడ్మిస్ట్రెస్ విజయకుమారి గారు తడబడ్డారు. “రేపు కొత్తది తెప్పిస్తాం సార్.”

ఆయన వేదిక దిగి, నన్ను పట్టుకుని పెరట్లోకి నడిచారు. వెనకే విజయకుమారి గారూ డ్రిల్లు మాస్టారూ వచ్చారు. అక్కడ పైడితల్లి మరుగుదొడ్డి తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంది.

“ఏటమ్మా, మీటింగుకి రాలేదా?”

“లోపల మా చెల్లుంది సార్. గడియ మీకిత్తారని ఊడదీసేసినారు.” ఆ పిల్ల తల వంచుకుంది. “సారెల్లిపోతే మళ్ళీ మామూలేనంట. చెల్లినింక బడికి పంపనంతంది మాయమ్మ.”

డ్రిల్లు మాస్టారు గబగబా వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాడు, ఎవరి మొహమూ చూడకుండా ఇచ్చాడు. చెల్లెలు బయటికొచ్చాక వైకుంఠరావు గారు శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా నన్ను చెక్క మీంచి విప్పి యథాస్థానంలో తనే బిగించారు. ఆ స్క్రూడ్రైవర్‌ని విజయకుమారి గారికిచ్చారు.

“ఇది మీ బల్ల మీదే ఉంచండమ్మా. రేపట్నుంచి ఇది మీ పని.”

“అలాగే సార్. కానీ మిమ్మల్ని ఉత్త చేతుల్తో ఎలా పంపమంటారు?”

“ఆ చెక్క ఇవ్వండి. గోడకి తగిలించుకుంటాను.”

నా ఆకారం అచ్చుపడ్డ ఖాళీ చెక్కను చంకలో పెట్టుకుని ఆయన వెళ్ళిపోయారు.

మర్నాడు పైడితల్లి చెల్లెలు ఒక్కతే వచ్చింది. తలుపు దగ్గరికి లాగి నన్ను వేసుకుంది. బయట ఎవరూ కాపలా లేరు.

చింతపండు మెరుగు పోయి ఇప్పుడు నల్లబడ్డాను. నన్ను ఎవరూ తోమరు. పిల్లల వేళ్ళు తగిలే చోట మాత్రం మెరుస్తూనే ఉన్నాను.