పంచిపెట్టిన బొమ్మలు

గజమున్నర కోరాగుడ్డను నేను. పైనా కిందా రెండు వెదురుబద్దలు. అనకాపల్లి వైపు ఒక చిన్న బడిలో తెలుగు చెబుతూ, ఇంగ్లీషు భారం కూడా నెత్తిన పడిన అప్పలాచార్యులు మాస్టారు ఒక వేసవి అంతా కూర్చుని నా మీద పన్నెండు బొమ్మలు వేశారు. ఒకామె నీళ్ళు మోస్తుంది, ఒకడు పళ్ళు తోముకుంటాడు, ఒక పిల్ల పుస్తకం చదువుతుంది. రోజూ జరిగే పనులను చెప్పే ప్రెజెంట్ సింపుల్ టెన్స్‌ను నాలుగో తరగతికి నేర్పడానికే నా పుట్టుక. కుంచె ముట్టే ముందు ఆయన సరస్వతిని స్తుతించేవారు. ఆ పావనత్వం నాకూ అబ్బిందని గర్వించాను.

తనిఖీ అధికారిణి వస్తున్నారని తెలియగానే, అందరికీ అన్నీ రావని తలచి, మాస్టారు బొమ్మకొక బిడ్డను కేటాయించారు. బెత్తం ఎవరి బొమ్మపై ఆనితే వారే లేచి చెప్పాలి. నూకరత్నానికి నీళ్ళ బొమ్మ దక్కింది. ఆ పిల్ల మనసు మాత్రం పుస్తకం బొమ్మ మీదే. భోజనాల వేళ ఒంటరిగా నా ముందు నిలిచి, పన్నెండు వాక్యాలూ గుసగుసగా అప్పజెప్పుకునేది. నోరులేనిదాన్ని, ఎవరికి చెప్పను?

తనిఖీనాడు అధికారిణి తామే బెత్తం అందుకుని, పుస్తకం బొమ్మను తాకారు. అది దక్కిన అబ్బాయి జ్వరంతో రాలేదు. నూకరత్నం లేచి, "షి రీడ్స్ ఎ బుక్" అంది, గంట మోగినట్లు.

పది రోజుల సాధనలో అలవాటైన మాట మాస్టారి నోట జారింది: "కూర్చోవే! అది నీ బొమ్మ కాదు."

"నీల్లు మోసేదానికి పుస్తకం కావాలట్రోయ్!" అని వెనుక బల్ల నుంచి ఎవడో అన్నాడు. గదంతా నవ్వింది. అధికారిణి కూడా నవ్వి, ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం మాస్టారు పిల్లను నా ఎదుటికి పిలిచారు. "తప్పు నాది తల్లీ. నీకు నచ్చిన బొమ్మ చెప్పు, వింటాను."

ఆమె నీళ్ళ బొమ్మ మీద వేలుంచి, దాని వాక్యం చెప్పి ఆగింది.

"మరొకటి చెప్పమ్మా."

"అవి నావి కాదు గదండీ."

ఉపనిషత్తులకు అర్థం చెప్పగల మనిషి బెత్తాన్ని తీసి మూలన పెట్టేశారు.

ఇప్పుడు నేను విరిగిన కుర్చీల నడుమ చుట్టచుట్టుకుని ఉన్నాను. విద్య పంచితే పెరుగుతుందంటారు. మేము దానికి వాటాలు వేశాం. ఆ మరుసటి ఏడు మాస్టారు బొమ్మలను ఎవరికీ కేటాయించలేదు. పిల్లలందరూ అన్నీ చెప్పారు. నూకరత్నం అప్పటికే ఐదో తరగతికి, పక్క గదికి వెళ్ళిపోయింది.