మిషనుకు పెట్టిన బొట్టు

తప్పంతా ఆ బొట్టుదే. ఆయుధపూజ నాడు వీరభద్రయ్య టీ మిషనును తడిగుడ్డతో తుడిచి, గంధం పూసి, బొట్టు ఎక్కడ పెడదామా అని కాసేపు చూశాడు. కప్పు పెట్టే చోటికి పైన చిన్న గాజుబిళ్ళ మెరుస్తోంది. ప్రతి వస్తువుకూ నుదురంటూ ఒకటి ఉంటుంది కదా, దీనికి ఇదే అనుకుని దాని మీదే నిండుగా కుంకుమ దిద్దాడు. కొబ్బరికాయ కొట్టి, స్విచ్చి ఆపి, మిషనుకు ఆ పూట సెలవిచ్చి ఇంటికి పోయాడు. ప్రొద్దుటూరులో ఇదే అంగట్లో వాళ్ళ నాయన కట్టెల పొయ్యికీ, గ్యాసు పొయ్యికీ కూడా ఇదే మర్యాద చేశాడు. ఏ పొయ్యీ అలగలేదు.

ఈ మిషను అలిగింది. దసరా పొద్దున స్విచ్చి వేయగానే ఎర్ర లైటు వెలిగి, తెర మీద తాళం బొమ్మ పడింది. అది నుదురు కాదట, కన్నట. కప్పులో టీ ఎంత పడుతోందో చూసి హైదరాబాదులోని కంపెనీకి చేరవేసే కన్ను. బొట్టు తుడిచినా తాళం పోలేదు.

"మా ఇంజనీరు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు సార్," అంది ఫోనులో కంపెనీ అమ్మాయి. "ఆయన పులివెందులలో ఉన్నారు. జమ్మలమడుగు చూసుకుని మీ దగ్గరికి వస్తారు."

"తుడిసినాను గదమ్మా. మీరు ఆడ్నించే తాళం తీయలేరా?"

"వేయడం ఇక్కడినుంచి అవుతుంది సార్. తీయాలంటే మనిషి రావాలి."

మిషను కొన్నది వీరభద్రయ్యే. దానికోసం భార్య శకుంతలమ్మ మెడలో గొలుసు కూడా పోయింది. కానీ దాన్ని విప్పకూడదు, బయటి మెకానిక్కుకు చూపకూడదు, అంగట్లో ఇంకో పొయ్యి వెలిగించకూడదు. అన్నింటికీ ఒప్పుకునే కంపెనీ బోర్డు తగిలించుకున్నాడు.

ఒక పూట బేరం పోతే ఆయన అంత కుంగిపోయేవాడు కాదు. ఆ సాయంత్రం అమ్మవారి మెరవణి ఆ వీధినే వస్తుంది. ముందు నడిచే మేళగాళ్ళు ఈ అంగడి ముందు ఆగి, టీ తాగి గానీ కదలరు. దుడ్లు పుచ్చుకునే టీ కాదు అది. నాయన మొదలుపెట్టిన మర్యాద.

మధ్యాహ్నం దాటినా ఇంజనీరు జాడ లేదు. శకుంతలమ్మ ఊరుకోలేకపోయింది.

"అట్లే కూర్చుంటే ఎట్లా? అటక మీద మామ బాయిలరు ఉండాది గదా. దించి మెట్ల మీద పెట్టుకుందాం."

"మెట్లు గూడా వాళ్ళు పైన పెట్టిన కెమెరాలో పడతాయి. అంగడే పీకేస్తారు. వచ్చేస్తాడులే, దారిలో ఉండాడంట."

దారిలోనే ఉన్నాడు ఆ ఇంజనీరు, మేళం చప్పుడు వీధి మొదట్లో వినపడేసరికి కూడా.

అంగడి ముందు మేళం ఆగింది. నాగస్వరం వాయించే అబ్దుల్ వాహిద్, వీరభద్రయ్య నాయన చేతి టీ తాగినవాడు, చెమట తుడుచుకుంటూ లోపలికి తొంగిచూశాడు.

"ఏందప్పా, టీ యాడ?"

"మిషనుకు తాళం పడింది మామా."

"మిషను ఎవురిది?"

"నాదే."

"తాళం?"

"వాళ్ళది."

"శానా దప్పిగ్గా ఉండాది. నీళ్ళన్నా ఇప్పియ్యి," అని వాహిద్ చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ నాగస్వరం ఎత్తుకున్నాడు. ఆ ముసలాయన నాలుగు తిట్టి ఉంటే వీరభద్రయ్యకు కాస్త నయంగా ఉండేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మెరవణి దాటిపోయాక ఇంజనీరు కృష్ణచైతన్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కుర్రాడు బాగా అలిసిపోయి ఉన్నాడు.

"మూడు ఊళ్ళలోనూ ఇదే కథ సార్. అందరూ కన్నుకే పెట్టారు బొట్టు. ఎందుకు సార్?"

"నుదురు అనుకుంటిమి నాయనా."

కుర్రాడు తన ఫోను మిషనుకు ఆనించి, ఏదో నొక్కాడు. అంతే, తాళం పోయింది. అంత మాత్రం పనికి పొద్దంతా పోయింది. కన్ను సరిగ్గా చూస్తోందో లేదో తేల్చుకోవడానికి కప్పు వెనక కప్పు పట్టాడు. అల్లం వాసన గుప్పుమంది. వీధి చివర నాగస్వరం ఇంకా వినపడుతూనే ఉంది.

వీరభద్రయ్య గబగబా పళ్ళెం అందుకున్నాడు. "మేళగాళ్ళు మలుపు తిరగలా. ఇవి ఇచ్చొస్తా."

"టెస్టు టీ ఎవరికీ ఇవ్వకూడదు సార్. పారబోయాలి." కుర్రాడు పైనున్న కెమెరా వైపు చూసి గొంతు తగ్గించాడు. "నా ఉద్యోగం సార్."

వీరభద్రయ్య ఆ కుర్రాడి ముఖం చూశాడు. వాదించే ఓపిక లేదు. ఒక్కో కప్పే తొట్టిలో ఒంపాడు. ఆఖరిది ఒంపేసరికి మేళం వినపడడం మానేసింది.

కుర్రాడు వెళ్ళాక శకుంతలమ్మ గల్లాపెట్టె పక్కన మిగిలిపోయిన కుంకుమ భరిణె తీసింది.

"వచ్చే యేడు కంటికి తగలకుండా పక్కన పెడదాంలే బొట్టు."

"వద్దులే," అన్నాడు వీరభద్రయ్య, భరిణె అందుకుని మూత పెడుతూ. "మన వస్తువులకే గదా పెట్టేది."